అండమాన్‌లో ఖైదీలు దున్నిన పొలాల దాకా: నాన్నతో అయిదు రోజులు

మా నాన్న అండమాన్ వస్తానన్నది సెల్యులార్ జైలు కోసం కాదు, అక్కడి కొబ్బరి చూడాలని. కోనసీమలో నాలుగెకరాల తోట మీద బతుకంతా గడిపిన మనిషి ఆయన. సముద్రం మధ్యలో ఉన్న దీవుల్లో చెట్టు ఎలా కాస్తుందో కళ్లారా చూడాలని ఎప్పటినుంచో కోరిక. నాకేమో జైలు చూడాలని. ఇద్దరం అనుకున్నదీ చూశాం. అయితే తిరిగొచ్చాక ఎవరైనా అడిగితే నేను ముందు చెప్తున్నది మాత్రం ఆ రెండింటి గురించీ కాదు, ఖైదీలు అడవి కొట్టి చేసిన పొలాల గురించి. టూర్ ప్యాకేజీల్లో ఆ పేరే ఉండదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

రాజమండ్రి నుంచి రైల్లో చెన్నై, అక్కడినుంచి రెండు గంటల పైచిలుకు విమానం. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఆటోవాళ్ల దగ్గర్నుంచి హోటల్ బిల్లుల దాకా ఇంకా పాత పేరే వినిపిస్తుంది, కనిపిస్తుంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. రెండు రోజుల పైనే పడుతుంది, రోజూ ఉండదు. నాన్న మోకాళ్ల సంగతి తెలిసి ఆ సాహసం చేయలేదు.

మేం వెళ్లింది జనవరిలో. వాతావరణం బాగుంది. కానీ సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది, పొద్దున అయిదున్నరకల్లా వెలుతురొచ్చేస్తుంది. మన అలవాటు ప్రకారం పదింటికి బయల్దేరితే సగం రోజు పోయినట్టే. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే మొదటి రోజు సగం వృథా అయ్యేది కాదు.

మొదటి రెండు రాత్రులకు అబర్డీన్ బజార్ దగ్గర ఒక హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. ఫోటోలో కిటికీ నిండా సముద్రం. తీరా వెళ్తే వెనకవైపు గది ఇచ్చారు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. ఆ గోడ కిందే జనరేటర్. కరెంటు పోయిన ప్రతిసారీ మంచం అదిరేది. అడిగితే "ఆ గదులు నిండిపోయాయి" అన్నారు తప్ప, డబ్బు తేడా తిరిగి ఇవ్వలేదు. నాన్న రెండు రాత్రులూ సరిగ్గా నిద్రపోలేదని నాకు ఇప్పటికీ బాధ. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బజారు మధ్యలో కాకుండా హడ్డో వైపో, కార్బిన్స్ కోవ్ దారిలోనో గది చూసుకోండి. వెళ్లే ముందు ఫోన్ చేసి గది నంబరుతో సహా ఖాయం చేసుకోండి.

సెల్యులార్ జైలుకి మొదటి రోజే వెళ్లాం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, మూడేసి అంతస్తులు, దాదాపు ఏడొందల గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు విభాగాలే. పడగొట్టిన చోట 1963లో ఆస్పత్రి కట్టారు. ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. గాలి కోసం తలకు అందనంత ఎత్తున ఒక కన్నం. తలుపు గడియ ఎక్కడుందా అని చూస్తే గోడలో, చేతికి అందనంత దూరంలో ఒక గూడు చేసి అందులో పెట్టారు. లోపలి మనిషి ఊచల్లోంచి చెయ్యి చాపినా తగలదు. నేనూ చాపి చూశాను. జానెడు పైన దూరం ఉండిపోయింది.

గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి. మాకు దొరికినాయన హిందీలో నెమ్మదిగా, అరుపులూ నాటకాలూ లేకుండా చెప్పాడు. లైట్ అండ్ సౌండ్ షోకి టికెట్లు తొందరగా అయిపోతాయి, ముందురోజే తీసుకోవడం మంచిది. షో బాగానే ఉంది కానీ అది చూసి జైలు చూసేశాం అనుకోకండి. పగటిపూట ఖాళీగా ఉన్న ఆ వరండాల్లో నడిస్తే కలిగే అనుభవం వేరు.

నాన్న ఎక్కువసేపు ఆగిపోయింది నూనె గానుగ దగ్గర. మనిషిని ఎద్దులా కట్టి తిప్పించిన గానుగ అది. రోజుకి ముప్ఫై పౌండ్ల కొబ్బరి నూనె తియ్యాలి, తక్కువైతే దెబ్బలు, సంకెళ్లు. గైడ్ ఆ మాట చెప్పగానే నాన్న వేళ్ల మీద లెక్క మొదలెట్టారు.

"ముప్ఫై పౌన్లంటే ఎంతరా?"

"పదమూడున్నర కేజీలు నాన్నా."

"కేజీ నూనెకి పది కాయలేసుకో. నూట ముప్ఫై కాయల పైమాటే. ఒక్క మనిషి, ఒక్క రోజులోనా? ఎద్దుకైనా మధ్యలో కాడి దింపి నీళ్లు పెడతాం కదరా."

ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు. కొబ్బరి గురించి తెలిసిన మనిషికి ఆ అంకె ఎంత బరువో నాకు అప్పుడు అర్థమైంది.

మన తెలుగువాళ్ల గుర్తులూ ఇక్కడ ఉన్నాయి. 1922–24 రంప పోరాటంలో అల్లూరి వెంట నడిచి పట్టుబడ్డవాళ్లలో కొందరిని ఈ దీవులకే పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడ్డ ప్రతివాది భయంకరాచారి గారూ ఇక్కడ ఉన్నారు. రంపచోడవరం మా ఊరికి ఏమంత దూరం కాదు. ఆ కొండల్లోంచి బయటికి రాని మనుషుల్ని ఓడెక్కించి సముద్రం దాటించారంటే వాళ్ల ప్రాణం ఎలా కొట్టుకుని ఉంటుందో.

ఇంతవరకూ అందరూ చూసేదే. చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈ జైలు కట్టకముందే దాదాపు నలభై ఏళ్లుగా అండమాన్ మొత్తం ఒక పెద్ద బందీఖానా. 1857 తిరుగుబాటు అణిచేశాక, 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే అధికారి రెండొందల మంది ఖైదీల్ని ఓడలో తెచ్చి దించాడు. వాళ్ల చేత ముందు ఛాతం దీవిలోనూ, తర్వాత రాస్ దీవిలోనూ అడవి కొట్టించారు. గోడలు అక్కర్లేదు, చుట్టూ సముద్రమే గోడ. 1901 నాటికి ఈ ఖైదీల సెటిల్‌మెంట్‌లో ఉన్న జనం 16,106. నాలుగు జైళ్లు, పంతొమ్మిది పని స్టేషన్లు, వాటితోపాటు ముప్ఫై ఎనిమిది పల్లెలు. ఆ పల్లెల్లో ఉన్నది సంకెళ్లు వీడిన ఖైదీలు. వాళ్లని 'సెల్ఫ్ సపోర్టర్' అనేవారు, అంటే తమ తిండి తామే సంపాదించుకునేవాళ్లు.

పద్ధతి ఇలా ఉండేది. సెల్యులార్ జైలు వచ్చాక, కొత్తగా దిగిన ఖైదీకి మొదటి ఆరు నెలలు అందులో ఒంటరి గది. తర్వాత ఇంకో జైల్లో కఠిన శ్రమ. ఆపైన రాత్రి బ్యారక్, పగలు బయట కూలి. మంచి నడవడి అని రాస్తే చిన్న చిన్న పెత్తనాలు, కాస్తంత భత్యం. అలా పదేళ్లు గడిస్తే టికెట్ వచ్చేది. టికెట్ అంటే ఒక పల్లెలో కాస్త భూమి, మొదట్లో పనిముట్లూ తిండీ సాయం. సొంతంగా వ్యవసాయం చేసుకోవచ్చు, పశువుల్ని పెంచుకోవచ్చు, ఊర్నుంచి భార్యాబిడ్డల్ని రప్పించుకోవచ్చు, లేదంటే ఆడవాళ్ల జైల్లో ఉన్న ఖైదీని అధికారుల అనుమతితో పెళ్లి చేసుకోవచ్చు. అయినా స్వేచ్ఛ లేదు. అనుమతి లేకుండా ఆ సెటిల్‌మెంట్ దాటకూడదు, పని మానకూడదు, ఏ హక్కూ అడగకూడదు. పూర్తి విడుదల ఇరవై, పాతికేళ్ల తర్వాతి మాట. రాజకీయ ఖైదీల్ని మాత్రం ఈ దారిలో అంత సులువుగా నడవనివ్వలేదు, ఏళ్ల తరబడి జైల్లోనే ఉంచారు.

అంటే సర్కారుకి తిండిగింజల ఖర్చు తగ్గుతుంది, అడవి పొలమవుతుంది, మనిషి పారిపోడు. లెక్క అదీ. ఒక రైతుకి భూమి ఇచ్చినట్టే ఇచ్చి, ఆ భూమినే కాలికి కట్టేశారు.

రెండోరోజు దీవులు. రాస్ దీవి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) అందంగా ఉంటుంది. మర్రి, రావి ఊడలు పెనవేసుకున్న చర్చి గోడలు, తిరిగే జింకలు. అధికారుల బంగళాలూ, డాన్స్ హాలూ ఉన్న చోటది. బుధవారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి. ఫోటోలకి బాగుంటుంది. ఒకటిన్నర గంట చాలు.

వైపర్ దీవికి మాత్రం అంతకు రెట్టింపు సమయం ఇవ్వాలి, కానీ మా పడవవాళ్లు అరగంటే ఆపారు. టికెట్ అమ్మేటప్పుడు గంట అన్నారు. దిగాక అందరినీ తొందరపెట్టి పరుగులు తీయించారు, నాన్న సగం మెట్ల దగ్గరే ఆగిపోయారు. గుట్ట మీద ఎర్రటి చిన్న కట్టడం, గుమ్మటం, లోపల ఉరి దూలం. సెల్యులార్ జైలు కంటే ముందు కఠిన శిక్షల జైలు ఇక్కడే ఉండేది, ఖైదీల్ని ఒకే గొలుసుకి కట్టి పని చేయించేవారు. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయోని పొడిచి చంపిన షేర్ అలీ అనే ఖైదీని ఉరి తీసిందీ ఇక్కడే. ఈ దీవికి వెళ్లేటప్పుడు ఎంతసేపు ఆపుతారో టికెట్ మీద రాయించుకోండి, మొహమాటపడొద్దు.

ఛాతం కర్ర మిల్లు 1883 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. పడౌక్ అనే ఇక్కడి చెట్టు దుంగ ముక్క చేతిలో పెడితే ఎర్రచందనమా అన్నట్టుంది. ఆదివారం సెలవు.

మూడోరోజు నుంచి అసలు ప్రయాణం. జంగ్లీఘాట్ దగ్గర మా తెలుగు విని ఒక కారు డ్రైవర్ తనే పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి చేపలవేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. "ఏటి బాబాయ్, జైలూ బీచ్చీ చూసేసి వెళ్లిపోతారా?" అన్నాడు నాన్నతో. ఖైదీల పల్లెలు చూడాలని నేను చెప్తే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరట. మొత్తానికి ఆరు వేల అయిదొందలు, పెట్రోలు తనదే. ఆ డబ్బుకి అంతకు మించిన సేవ ఈ మధ్య కాలంలో నాకెక్కడా దొరకలేదు.

ఛాతం నుంచి కార్లనీ మనుషుల్నీ ఎక్కించుకునే ఫెర్రీ మీద బాంబూఫ్లాట్ దాటాం. పదిహేను నిమిషాలు కూడా పట్టదు. రోడ్డు మీద చుట్టి వస్తే నలభై కిలోమీటర్ల పైనే. అక్కడినుంచి కొండెక్కితే మౌంట్ హ్యారియట్. 1891 యుద్ధం తర్వాత ఇక్కడికి పంపిన మణిపూర్ రాజునీ, ఆయన మనుషుల్నీ గుర్తు చేసుకుంటూ 2021లో దీన్ని మౌంట్ మణిపూర్ అన్నారు. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న దృశ్యం ఇక్కడినుంచి చూసిందే. నాన్న పర్సులోంచి నోటు తీసి పట్టుకుని సరిచూసుకున్నారు, లైట్ హౌస్ కుదిరాక గానీ కదల్లేదు. లార్డ్ మేయో చనిపోయిన సాయంత్రం సూర్యాస్తమయం చూసి దిగింది ఈ కొండ మీదినుంచే. కింద హోప్‌టౌన్ రేవులో, ఇప్పటి పానీఘాట్‌లో, చీకట్లో కత్తి దిగింది. షేర్ అలీ అప్పటికి మంచి నడవడి ఖైదీ కింద లెక్క, క్షురకుడిగా బయట తిరిగేవాడు.

కొండ దిగి లోపలికి వెళ్లే కొద్దీ ఊళ్ల పేర్లు చూడండి. స్టీవర్ట్‌గంజ్, వింబర్లీగంజ్, ఫెర్రార్‌గంజ్. ముందు సగం దొరగారి పేరు, వెనక సగం మన గంజ్. ఇంకోవైపు వెళ్తే వండూరు, మంజేరి, తిరూర్. ఇవి కేరళ పేర్లు. 1921లో అక్కడి మాప్పిళ్ల ముస్లింలు చేసిన తిరుగుబాటులో శిక్షపడి వచ్చినవాళ్లు వాళ్ల ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. తిరిగి వెళ్లలేని ఊరిని ఇక్కడికే తెచ్చుకున్నారన్నమాట. ఫెర్రార్‌గంజ్ వైపు 1920లలో ఉత్తరాది నుంచి భాంతూలనే వాళ్లని తెచ్చి దించారు. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన కులాల్లో వాళ్లదొకటి. ఏ నేరమూ చేయని పసిపిల్లలు కూడా ఆ ముద్రతోనే ఓడ దిగారు.

రోడ్డుకి రెండువైపులా పొలాలు. కొండల మధ్య పల్లపు నేల, కోతలైపోయి మోళ్లు. గట్ల మీద కొబ్బరి, కొబ్బరి మధ్యలో పోక. నాన్న కారు ఆపించి దిగారు. మట్టి గుప్పిట్లోకి తీసి నలిపి చూశారు. "నీరు నిలిచే నేల కాదిది. కొండమీద వాన పడితే సారమంతా సముద్రంలోకి పోద్ది. గట్టు ఎంత లావుగా వేశారో చూడు. ఇది ఒక తరం పని కాదురా" అన్నారు. మలేరియా, జలగలు, పైన నిప్పులు కక్కే ఎండ, ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. ఆ అడవిని కొట్టినవాళ్లలో చాలామంది దాని పంట తినకుండానే పోయారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అడవి ఖాళీగా లేదు. అండమానీ తెగలవాళ్లది అది. 1859లో వాళ్లు విల్లంబులతో అబర్డీన్ మీదికి వస్తే, వాళ్లతో ఏడాది గడిపి వచ్చిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందే కబురు చెప్పడంతో తుపాకుల ముందు ఓడిపోయారు. ఆ తర్వాత రోగాలు. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 లెక్కల నాటికి పంతొమ్మిది మంది. ఖైదీకి ఇచ్చిన ప్రతి ఎకరమూ ఇంకొకరి దగ్గర లాక్కున్నదే.

ఆ రాత్రీ మర్నాటి రాత్రీ ఫెర్రార్‌గంజ్ దగ్గరి ఒక పల్లెలో హోమ్‌స్టే. గది పద్దెనిమిది వందలు, భోజనం విడిగా మనిషికి రెండొందలు. రేకుల కప్పు, శుభ్రమైన దుప్పట్లు, బకెట్లో వేడినీళ్లు. ఏసీ లేదు, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. చేపల పులుసు, పప్పు, ఎర్రగా వేయించిన వంకాయ ముక్కలు. నాన్న రెండు రాత్రులూ ఒళ్లెరగకుండా పడుకున్నారు. పట్నం హోటల్‌కీ దీనికీ పోలికే లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు దోమతెర, మందులు తీసుకెళ్లండి, దగ్గర్లో పెద్ద ఆస్పత్రి లేదు.

ఇంటావిడకి డెబ్బై ఏళ్లుంటాయి. వాళ్లది 'లోకల్ బార్న్' కుటుంబం. ఖైదీల సంతానాన్ని ఇక్కడ అలాగే అంటారు. ఆమె హిందీ మాట్లాడుతుంది కానీ అది ఏ ఊరి హిందీయో చెప్పడం కష్టం. ముత్తాత పంజాబు వైపునుంచి, ముత్తవ్వ దక్షిణాది నుంచి అని మాత్రం తెలుసట. వేరే భాషలు, వేరే కులాలు, జైల్లో కలిశారు, పల్లెలో కాపురం పెట్టారు. "ఏం కేసు మీద వచ్చారు?" అని నేను అడగబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆమెకి అర్థమైనట్టుంది. తనే చెప్పింది: ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ముత్తాత ఎన్ని బీఘాల నేల దున్నాడో మాత్రం చెప్పుకునేవాళ్లం. లోపలికి వెళ్లి ఒక పాత కొబ్బరి పార తెచ్చి చూపించింది. కాయని గుచ్చి డొక్క వలిచే ఇనప పార, అరిగి అరిగి మొన సగానికి వచ్చింది. నాన్న దాన్ని పెరట్లో నేలలో దిగేసి నాలుగు కాయలు వలిచిచ్చారు. ఆయనకి హిందీ రాదు, ఆమెకి తెలుగు రాదు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ కొబ్బరి గురించే మాట్లాడుకున్నారు.

ఖైదీల్ని పంపడం ఆపాలని జైళ్ల కమిటీ 1920లోనే చెప్పింది. అయినా ఈ ఖైదీల సెటిల్‌మెంట్ 1945 దాకా రద్దు కాలేదు. 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగింది. తిరిగి వస్తుంటే దారిలో హంఫ్రీగంజ్ వచ్చింది. 1944 జనవరి 30న జపాన్‌వాళ్లు నలభై నాలుగు మందిని గూఢచారులని ముద్రవేసి ఇక్కడ కాల్చేశారు. చిన్న స్మారకం, మేం వెళ్లేసరికి మనిషి లేడు, గేటు తీసే ఉంది. బోర్డు మీద పేర్లు చదివి పదినిమిషాలు నిలబడి వచ్చాం. దారిలోనే కాబట్టి దాటిపోకండి.

చివరికి సిప్పీఘాట్. డ్రైవర్ రోడ్డు పక్కన ఆపి "బాబాయ్, ఇది మాగాణి" అన్నాడు. ఎదురుగా ఉన్నది నీళ్లు. 2004 డిసెంబరు భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సునామీ వచ్చి వెళ్లింది కానీ, ఇక్కడి పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెళ్లలేదు. ఎండిన మొద్దులు నీళ్లలో నిలబడి ఉన్నాయి, ఒడ్డున మడ చెట్లు మొలుస్తున్నాయి. పర్యాటకులు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు, కొంగలు చాలా ఉన్నాయి మరి.

మేం చేరేసరికి ఆటు. నీరు తగ్గుతుంటే అడుగున తిన్నగా ఒక గీత తేలింది. దానికి అడ్డంగా ఇంకోటి. నాన్న చెప్పులు విప్పి బురదలోకి నాలుగడుగులు వేశారు.

"గట్లురా అవి. మడి మడికీ గట్టు. ఇదుగో, ఇక్కడ తూము వదిలారు, నీళ్లు పై మడిలోంచి కింద మడిలోకి."

విమానానికి టైమవుతోందని డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. నాన్న ఇంకా వేలితో మడులు లెక్కపెడుతూనే ఉన్నారు.